హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పడవ, పడవలో జనరేటర్

మన పత్రికలో అందరూ తాము బతికిన ఊళ్ళ గురించి రాస్తుంటారు. సోలాపూర్, భివండి, సూరత్ గురించి చదివాను. నేనిప్పుడు ఉంటున్న బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ గురించి ఎవరూ రాసినట్టు లేదు. అందుకని నేను మొదలుపెట్టాను. నా చదువు ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకోండి. ఇందులో సగం ఊరి సంగతి, సగం జనరేటర్ సంగతి. రెండిటికీ ఏం సంబంధం అంటారా, చెప్తాను. మన పిల్లలు చాలామంది ఇప్పుడు షామియానా, లైటింగు, జనరేటర్ అద్దె పనుల్లోకి పోతున్నారు కాబట్టి ఇది చెప్పాల్సిన మాటే.

మాది హిందూపురం పక్క. అక్కడ ఒక స్పిన్నింగ్ మిల్లులో డాఫర్‌గా చేరి, రింగ్ ఫ్రేముల మీద సైడర్‌గా చేసి, చివరి పన్నెండేళ్ళు మెయింటెనెన్స్‌లో ఫిట్టర్ల కింద పనిచేశాను. మిల్లు మూతపడ్డాక కూతురి దగ్గరికి వచ్చేశాను. కూతురు బొమ్మనహళ్ళి వైపు గార్మెంట్స్‌లో టైలర్. అల్లుడు టెంపో నడుపుతాడు. మేముండేది మంగమ్మనపాళ్య, అంటే హెచ్‌ఎస్‌ఆర్‌కు ఆనుకుని ఉండే పాత ఊరు. లేఅవుట్ అంటే పెద్ద పెద్ద ఇళ్ళు, వాటిని ఆనుకున్న సందుల్లో మనలాంటివాళ్ళం. పొద్దున ఏడున్నరకు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని ఆడపిల్లలు గార్మెంట్స్‌కు గుంపులు గుంపులుగా పోతుంటే, సగం మాటలు తెలుగులోనే వినబడతాయి. అనంతపురం, చిత్తూరు, కడప యాసలన్నీ ఆ రోడ్డు మీదే. ఇంటి ఓనరుతో కన్నడ, కూరగాయల బండి దగ్గర తమిళం, ఇంట్లో తెలుగు. మా మనవడికి మూడూ వచ్చు, ఏదీ పూర్తిగా రాదు.

హెచ్‌ఎస్‌ఆర్ అంటే హోసూరు-సర్జాపుర రోడ్డు అని అర్థం. ఆ రెండు రోడ్ల నడుమ బీడీఏ వాళ్ళు వేసిన లేఅవుట్ ఇది. ఏడు సెక్టార్లు. ఒక మూలన సిల్క్ బోర్డు, అక్కడి ట్రాఫిక్ గురించి చెప్పక్కర్లేదు, దేశమంతా తెలుసు. 2025 ఆగస్టులో పసుపు లైను మెట్రో వచ్చాక కొంచెం మేలు. ఇంకో పక్క అగర చెరువు. పొద్దునపూట గట్టు మీద నడిచేవాళ్ళు, బాతులు, నీటి కాకులు. చెరువు దగ్గర్లోనే జగన్నాథుడి గుడి ఉంది, ఒడిశా వాళ్ళ రద్దీ ఎక్కువ. 27వ మెయిన్ రోడ్డుకు పోతే ఒక కాఫీ ధరకు మా ఇంట్లో ఒక పూట భోజనం అవుతుంది. అక్కడ కూర్చుని ల్యాప్‌టాపులు కొట్టుకునే పిల్లల్లోనూ సగం మంది మన తెలుగువాళ్ళే. వాళ్ళకు మేము కనబడం, అది వేరే సంగతి.

ఈ చోటును అర్థం చేసుకోవాలంటే నీళ్ళు ఎటు పోతాయో చూడాలి. అగర చెరువు నిండితే బెళ్ళందూరు చెరువుకు, అది నిండితే వర్తూరు చెరువుకు, అక్కడినుంచి దక్షిణ పినాకినికి. మా హిందూపురం పక్కన పారే పెన్నా ఉత్తర పినాకిని. రెండూ నంది కొండల దగ్గర పుట్టినవే. ఒకటి మా ఊరివైపు పోయింది, ఇంకోటి ఇటు వచ్చింది. నేనూ దాని వెనకాలే ఇటు వచ్చానని మా ఆవిడ నవ్వుతుంది. పాతకాలంలో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు కాలువ ఉండేది. ఇప్పుడు కాలువ మీద గోడలు లేచాయి. నీళ్ళకు మాత్రం పాత దారి గుర్తుంటుంది.

2022 సెప్టెంబరు 4వ తేదీ ఆదివారం రాత్రి పడిన వాన మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. అంతకు నాలుగు రోజుల ముందే వినాయక చవితి. సందుల్లో ఇంకా పందిళ్ళు విప్పలేదు. తెల్లారి సోమవారం చూస్తే అవుటర్ రింగ్ రోడ్డు, సర్జాపుర రోడ్డు, బెళ్ళందూరు, యెమలూరు అంతా నీళ్ళు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. కోట్ల రూపాయల ఇళ్ళవాళ్ళను రబ్బరు పడవల్లో దించారు. హెచ్‌ఎస్‌ఆర్ పల్లపు వీధుల్లోనూ మోకాలి పైకి నీళ్ళు. అదే వానకు మండ్య జిల్లాలోని టి.కె.హళ్ళి పంపింగ్ స్టేషన్ మునిగి, ఊరికి కావేరి నీళ్ళు కూడా ఆగిపోయాయి. ఇంటిచుట్టూ నీళ్ళు, కుళాయిలో చుక్క లేదు.

అపార్ట్‌మెంట్లలో జనరేటర్లు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. చాలాచోట్ల బేస్‌మెంట్లోనో, నేలమట్టంలోనో పెడతారు. బేస్‌మెంట్ మునిగితే పెద్ద జనరేటర్, కరెంటు ప్యానెల్, నీళ్ళ పంపు అన్నీ కలిసి మునుగుతాయి. నీళ్ళలో కరెంటు పాకుతుందని బెస్కాం వాళ్ళు సప్లై ఆపేస్తారు, అది న్యాయమే. అప్పుడు నాలుగో అంతస్తులో ఉన్న ముసలివాళ్ళకు ఫోన్ ఛార్జింగ్ లేదు, లిఫ్టు లేదు, లైటు లేదు. అలాంటప్పుడే అందరికీ చేత్తో మోసుకుపోయే చిన్న జనరేటర్ గుర్తొస్తుంది.

మా అక్క కొడుక్కి సోమసుందరపాళ్య వైపు ఒక అద్దె దుకాణం ఉంది. షామియానా, కుర్చీలు, లైట్లు, నీళ్ళు తోడే పంపులు, నాలుగు చిన్న జనరేటర్లు. ఆ సోమవారం దుకాణం ముందు జాతరలాగా జనం. ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు పడవ కూడా తెచ్చుకున్నారు, ఫైబర్‌ది, పది మంది పట్టేది. వాళ్ళకు కావలసింది ఏమంటే, జనరేటర్ పడవలోనే పెట్టి, పడవను గేటు దగ్గర కట్టేసి, అక్కడినుంచి వైరు లాగి లైట్లు వెలిగించాలి. పైన వాన పడుతోంది కాబట్టి పడవకు టార్పాలిన్ కప్పాలి. వినడానికి బాగానే ఉంది. మా మేనల్లుడు నావైపు చూశాడు. నేను వద్దన్నాను.

నేను పెద్ద ఇంజనీరునని కాదు. 2012లో మన రాష్ట్రంలో పవర్ హాలిడేలు పెట్టినప్పుడు మా మిల్లు వారానికి కొన్ని రోజులు డీజిల్ జనరేటర్ల మీదే నడిచింది. జనరేటర్ గది మిల్లు షెడ్డుకు దూరంగా, పొగగొట్టం కప్పుకంటే పైకి. ఎందుకంత దూరమని కొత్తలో అడిగితే మా ఫిట్టర్ మేస్త్రీ అన్నాడు: "కనబడే పొగకు మనిషి పక్కకు పోతాడు. కనబడనిదానికి యాడికి పోతాడు?"

ఆ కనబడనిదాని పేరు కార్బన్ మోనాక్సైడ్. పెట్రోలైనా, డీజిలైనా, కట్టెలైనా, బొగ్గులైనా సరిగ్గా కాలకపోతే పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్ మోసే కణాలకు ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పీల్చింది పీల్చినట్టే ఉంటుంది, లోపల మాత్రం ఊపిరి అందదు. దూది పొట్టు పీల్చినవాళ్ళం మనం, కార్డింగ్‌లో పనిచేసినవాళ్ళకు సోమవారం వచ్చే దగ్గు తెలుసు. దూది కనీసం దగ్గు తెప్పిస్తుంది, ఇది దగ్గు కూడా రానీయదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, నీరసం. పడవలో ఉంటే పడవ ఊగి కడుపులో తిప్పుతోందనుకుంటాం. రాత్రంతా నిద్ర లేకపోతే నిద్ర చాలలేదనుకుంటాం. కాసేపు పడుకుంటానని పడుకున్నవాడు లేవడు.

మా సందు చివర గోదావరి మామ అని ఒకాయన ఉంటాడు. పాపికొండలు పోయే టూరిస్టు లాంచీలో పనిచేసినవాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి యాభై మంది దాకా పోయారు కదా, ఆ తర్వాత నదిలో టూరిస్టు బోట్లన్నీ ఆపేశారు. ఈయనకు పని పోయింది. బంధువుల వెనక బెంగళూరు వచ్చి హెచ్‌ఎస్‌ఆర్‌లో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. ఆ సోమవారం ఆయన కూడా దుకాణం దగ్గరే ఉన్నాడు. నేను మిల్లు లెక్కన వద్దన్నాను, ఆయన పడవ లెక్కన వద్దన్నాడు.

"పడవంటే గిన్నెలాంటిదండీ. గిన్నెలో ఏది పోసినా నిలబడిపోద్ది. నీళ్ళైనా, పెట్రోలు గాలైనా, పొగైనా. పైన టార్పాలిన్ కడితే మూత పెట్టినట్టే కదండీ అన్నయ్యగారూ."

ఆ మాట తర్వాత నేను ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. పడవ కదిలేటప్పుడు ఇంకో తమాషా ఉందన్నాడు. బస్సు వెనక లేచిన దుమ్ము వెనక సీట్లలోకే తిరిగొస్తుంది, చూశారా? పడవ పోతుంటే వెనకవైపు గాలి అలాగే సుడి తిరిగి, వెనక వదిలిన పొగను లోపలికే లాక్కొస్తుంది. కాబట్టి జనరేటర్ వెనక పెట్టాం, పొగ వెనక్కే పోతుందిలే అనుకోవడం కుదరదు.

మా మేనల్లుడు ఆ బేరం వదులుకోలేదు, మార్చాడు. జనరేటర్‌ను మా అల్లుడి టెంపోలో పెట్టి, నీళ్ళు లేని మెరక మీద, ఏ ఇంటి కిటికీకీ 20 అడుగులకు తక్కువ కాకుండా నిలబెట్టారు. టెంపో వెనక తలుపులు తీసి, పొగగొట్టం బయటికి తిప్పి, వాన తగలకుండా ఎత్తులో నాలుగు పక్కలా తెరిచిన రేకు. అక్కడ ఫోన్లు, బ్యాటరీ లైట్లు ఛార్జింగ్ పెట్టి, పడవలో అటూ ఇటూ మోశారు. పడవలో పోయింది బ్యాటరీలే. అపార్ట్‌మెంట్ సెక్రటరీ మొదట గొణిగాడు. వైరు నీళ్ళ మీదుగా లాగితే పని తొందరగా అయ్యేదట. నీళ్ళ మీదుగా వైరు లాగేవాడిని నేనైతే మిల్లు గేటు లోపలికి రానివ్వను.

మర్నాడు మంగళవారం రాత్రి జరిగింది చెప్పాలి. వేరే చోట, వేరే అద్దె పార్టీ వాళ్ళు సరిగ్గా మేం వద్దన్నదే చేశారు. పడవలో జనరేటర్, పైన టార్పాలిన్, దాని కింద వాన తగలకుండా కూర్చున్న ఇద్దరు పిల్లలు. ఒకడు మా సందువాడే, పందొమ్మిదేళ్ళు, వాళ్ళమ్మ మా కూతురి లైనులోనే కుడుతుంది. రెండు గంటలు కూర్చున్నాక తలనొప్పి అన్నాడట. పొద్దుటినుంచి తిండి లేదు కదా అని బన్ను ఇచ్చారు. వాంతి చేసుకున్నాడు. పడుకోమన్నారు. అదృష్టం ఏమంటే రెండోవాడు ఫోన్ మాట్లాడాలని టార్పాలిన్ బయటికి తల పెట్టాడు, వాడికి తల కొంచెం తేలిక అయింది. అనుమానం వచ్చి మొదటివాడిని లేపితే లేవడం లేదు. గోదావరి మామకు ఫోన్ చేశారు. "ఇంజన్ ఆపడం తర్వాత, ముందు వాణ్ణి బయటి గాలిలోకి లాగండి" అని ఫోన్లోనే అరిచాడు. లాగారు. ఆస్పత్రిలో రాత్రంతా ముక్కుకు మాస్కు కట్టి ఆక్సిజన్ పెట్టారు. బతికాడు. ఇప్పుడు బాగున్నాడు, పోయిన ఏడు పెళ్ళి కూడా అయింది. వాళ్ళమ్మ మాత్రం జనరేటర్ శబ్దం వింటే ఇప్పటికీ కిటికీలన్నీ తెరుస్తుంది.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. కరోనా తర్వాత ప్రతి ఇంట్లో వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఉంది. ఆ రాత్రి వాడి వేలికీ పెట్టారు, 97 అని చూపించింది. ఏం లేదులే, బాగున్నాడు అనుకున్నారు. ఆ మామూలు మీటరుకు ఆక్సిజన్ ఎక్కిన రక్తానికీ, ఈ విషం ఎక్కిన రక్తానికీ తేడా తెలియదు. రెండూ ఎర్రగానే కనబడతాయి దానికి. అంకె చూసి మోసపోవద్దు. ఆస్పత్రిలో ప్రత్యేకంగా రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. డాక్టరుతో "జనరేటర్ పొగ దగ్గర కూర్చున్నాడు" అని ముందే చెప్పాలి, లేకపోతే ఫుడ్ పాయిజన్ అనుకునే ప్రమాదం ఉంది.

ఇది మన దగ్గరే జరిగేది కాదు. అమెరికాలో లేక్ పావెల్ అని పెద్ద జలాశయం, అందులో ఇళ్ళలాంటి పడవలు తిరుగుతాయి. 2000 ఆగస్టులో ఇద్దరు చిన్నపిల్లలు, అన్నదమ్ములు, అలాంటి పడవ వెనక ఈత కొడుతూ చనిపోయారు. వాళ్ళకు ఈత రాక కాదు. పడవ జనరేటర్ పొగ వెనకవైపు, ఈతకు దిగే బల్ల కింద ఖాళీలోకి వదులుతోంది. పిల్లలు ఆ బల్ల కిందికి పోయారు. పైన అంతా ఆకాశం, చుట్టూ గాలి, అయినా ఆ చిన్న సందులో విషం నిలబడింది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వ నిపుణులు పడవల్లో గాలిని కొలిచి చూసి, పొగ వదిలే తీరు మార్చాలని చెప్పారు. మన గోదావరి మామ చెప్పిన గిన్నె మాట ఇదే.

పెట్రోలు సంగతి ఇంకోటి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేల మీద ఒలికితే గాలికి చెదిరిపోతుంది, పడవలో అడుగుకు దిగి అక్కడే కూర్చుంటుంది. పడవల కోసమే చేసిన ఇంజన్లలో నిప్పురవ్వ బయటికి రాకుండా స్టార్టరు, వైర్లు మూసి ఉంటాయి. మనం అద్దెకిచ్చే చిన్న జనరేటర్ అలా చేసింది కాదు. దాని స్విచ్చు, ప్లగ్గు, వేడి సైలెన్సర్, దేని దగ్గరైనా అంటుకోవచ్చు. అందుకని పెట్రోలు పడవలో ఎప్పుడూ పోయకూడదు. జనరేటర్ ఆపి, పావుగంట చల్లారనిచ్చి, గట్టుకు దించి, నేలమీద పోసుకుని, మూత బిగించి, ఒలికింది తుడిచి, అప్పుడు ఎక్కించాలి. అంచుదాకా నింపొద్దు, పడవ ఊగితే పొర్లుతుంది. కూల్‌డ్రింకు బాటిళ్ళలో పెట్రోలు తెచ్చే అలవాటు మన పిల్లలకు ఉంది, నాకు అది చూస్తే చెయ్యి లేస్తుంది. 2018 మే నెలలో దేవీపట్నం దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు తగలబడినప్పుడు ఎనభై మంది దాకా ఉన్నారు, ఒడ్డు దగ్గరుండబట్టి బయటపడ్డారు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒక బోటుకు అంటుకున్న మంట దాదాపు నలభై బోట్లను తినేసింది. పడవలో నిప్పుకు పారిపోయే చోటుండదు. పొడి చల్లే మంటల సిలిండరు ఒకటి, జనరేటర్ పక్కన కాకుండా మనిషి కూర్చునే చోట ఉండాలి. జనరేటర్ పక్కన పెడితే మంటలోంచి చెయ్యి పెట్టి తీసుకోవాలి కదా!

ఇంక కొనడం, అద్దెకు తీసుకోవడం. మొదట ఏం వెలిగించాలో లెక్క వేసుకోండి. 50 వాట్ల ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు నాలుగు అంటే 200 వాట్లు. ఇరవై ఫోన్లు ఒకేసారి పెట్టినా 300 మించదు. ఈ పనికి ఒక కేవీఏ మిషను సరిపోతుంది. నీళ్ళు తోడే మోటారు వచ్చిందంటే లెక్క మారుతుంది. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు వెయ్యి వాట్ల దాకా తీసుకుంటుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి రెండు మూడు రెట్లు గుంజుతుంది. మిల్లులో ఫ్రేము స్టార్ట్ చేసినప్పుడు లైట్లు ఒక్కసారి మసకబారేవి, గుర్తుందా? అదే ఇది. ఆ మోటారు కోసం మూడు కేవీఏ దాకా కావాలి. డబ్బా మీద రాసిన పెద్ద అంకె కాసేపటికే ఇచ్చే బలం, ఆపకుండా నడిచేటప్పుడు ఎంత ఇస్తుందో పక్కన చిన్న అంకె ఉంటుంది, అది చూడాలి. దానిలోనూ ముప్పావు వంతే వాడుకుంటే మిషను మన్నుతుంది.

ఇప్పుడు ఇన్వర్టర్ జనరేటర్ అని వస్తున్నాయి, సూట్‌కేసులాగా మూసి ఉంటాయి. రెండు కేవీఏది ఇరవై కిలోలకు కొంచెం అటూ ఇటూ, ఒకడు మోయొచ్చు. లోడు తగ్గితే ఇంజన్ వేగం తగ్గిస్తుంది, పెట్రోలు ఆదా, శబ్దం తక్కువ, ఫోన్లు, ల్యాప్‌టాపులకు మంచి కరెంటు. ధర ఎక్కువ. ఇనప గొట్టాల చట్రంలో వచ్చే పాతరకం చవక, కానీ నలభై కిలోల పైమాట, గోల. పడవలో బరువు కూడా లెక్కే, ఒక మనిషి తక్కువ ఎక్కాలి. కిరోసిన్ మీద నడిచేవి ఇంకా కొందరి దగ్గర ఉన్నాయి, పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌కు మార్చేవి. వాటి పొగ కంపు వేరు, రేషన్ కిరోసిన్ ఇప్పుడు దొరకదు, ఆ జోలికి పోవద్దు. శబ్దం తక్కువ కాబట్టి పొగ కూడా తక్కువే అనుకుంటారు కొందరు. శబ్దం లేకపోయినా విషం విషమే. నా మటుకు, శబ్దం లేనిదాన్నే మనిషి దగ్గర పెట్టుకుంటాడు, కాబట్టి దానితోనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

తప్పదు, పడవలోనే నడపాలి అంటే? మామా నేనూ కలిసి ఒప్పుకున్న పద్ధతి ఇది. పైకప్పు లేని పడవ, వాన లేని రోజు, పడవ కట్టేసి ఉండాలి. చదునైన చెక్క మీద రబ్బరు చాప, దానిమీద మిషను, నాలుగు పక్కలా తాడు. ఒరిగితే ఆయిలు సెన్సారు ఇంజన్ను ఆపేస్తుంది, కుర్రాళ్ళు అది చెడిపోయిందనుకుని తీగ పీకేస్తారు. అది పీకితే ఇంజన్ పట్టేస్తుంది. పొగగొట్టం నీళ్ళ వైపు, గాలి పోయే దిక్కుకు. మనుషులు గాలి వచ్చే దిక్కున. గాలి దిక్కు మారితే ఆపాలి. మిషను నడుస్తుంటే పడవలో ఎవరూ పడుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టి కూసే చిన్న అలారం బ్యాటరీతో నడిచేది దొరుకుతుంది, పడుకునే గది ఉన్న పడవలైతే అది లేకుండా జనరేటర్ పేరెత్తొద్దు.

కరెంటు వైపు ఇంకో రెండు మాటలు. మూడు తీగల రబ్బరు కేబులు, నడుమ అతుకు లేకుండా. ప్లగ్గు బోర్డు పడవ అడుగున కాదు, ఛాతీ ఎత్తులో వేలాడాలి. షాకు ప్రాణం తీయకముందే ఆపేసే ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది, పెట్టించండి. అయితే చిన్న జనరేటర్లు చాలావాటిలో న్యూట్రల్ బాడీకి కలిపి ఉండదు, అలా ఉంటే ఆ ఆర్‌సీసీబీ గోడ బొమ్మే, అవసరమైనప్పుడు పడదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చూపించి కట్టించాలి. జనరేటర్ వైరును ఇంటి సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగించే పనికిమాలిన తెలివి ఒకటుంది. ఆ కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కి, వీధిలో స్తంభం మీద పనిచేసే లైన్‌మాన్‌ను కొడుతుంది. ఆయనా ఎవరింటి కొడుకో.

లైట్లకు, ఫోన్లకు పడవలో జనరేటరే అక్కర్లేదు, ఇది నా అభిప్రాయం. 12 వోల్టుల వంద ఆంపియర్ అవర్ బ్యాటరీలో లెక్కకు 1200 వాట్ అవర్లు ఉంటాయి. సగమే వాడుకున్నా 200 వాట్ల లైట్లు మూడు గంటలు వెలుగుతాయి. లిథియందైతే బరువు తక్కువ, ఇంకా ఎక్కువ భాగం వాడుకోవచ్చు. పొగ లేదు, పెట్రోలు లేదు. జనరేటర్ గట్టు మీదే ఉండి బ్యాటరీలు నింపుతుంటే చాలు.

ఈ లెక్క ఈ ఏడు పనికొచ్చింది. మా మేనల్లుడికి హిందూపురం పక్క ఒక పల్లెలో చెరువులో తెప్పోత్సవానికి లైటింగు బేరం వచ్చింది. డ్రమ్ముల మీద పలకలు పరిచిన తెప్ప, మీద మండపం, పూలదండలు, పట్టుబట్టలు, అర్చకుడు, మేళగాళ్ళు. కమిటీవాళ్ళు జనరేటర్ తెప్ప మీద మండపం వెనకాల పెట్టి గుడ్డ కప్పేస్తే కనబడదు అన్నారు. మండపం అంటే మూడు పక్కలా మూసిన గది, లోపల హారతి, పక్కన పెట్రోలు. మా వాడు నన్ను కూడా తీసుకుపోయాడు. కమిటీ పెద్దాయనతో నేను తగవు పెట్టుకోలేదు. "స్వామి ముందు మేళం వినబడాలా, ఇంజన్ వినబడాలా అయ్యా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మేళమే" అన్నాడు.

రెండు లిథియం బ్యాటరీలు, ఎల్‌ఈడీ సీరియల్ సెట్లు, నాలుగు ఫోకస్ లైట్లు. జనరేటర్ చెరువు కట్ట మీద వేపచెట్టు కింద, జనానికి దూరంగా. గోదావరి మామ సెలవు పెట్టి వచ్చి తాళ్ళు కట్టాడు. తెప్ప మూడు చుట్లు తిరిగింది. హారతి అయ్యేసరికి తొమ్మిదిన్నర. బ్యాటరీలో ఇంకా మూడో వంతు మిగిలింది. మర్నాడు పొద్దున హిందూపురం నుంచి రైలెక్కి మధ్యాహ్నానికి ఇంటికి చేరాం. అద్దె డబ్బులు సగం ఇచ్చారు, మిగతా సగం కమిటీవాళ్ళు ఇంకా పంపాలి.